తెల్లవి పెరిగినయ్

"తలుపు తియ్యి బిడ్డా! నీ కాల్మొక్త, తలుపు తియ్యి!"

రామక్క రెండు చేతులతో తలుపు బాదుతోంది. లోపల కోడలు నాంచారమ్మ గడియ పెట్టుకుని కూర్చుంది. ఆమె ఒళ్ళో మూడో నెల పిల్లాడు. పాలు పోయించుకోవడానికి అత్త వాకిట్లోకి వెళ్ళడం చూసి, ఉయ్యాల్లో ఉన్నవాణ్ణి ఎత్తుకుని గదిలో దూరింది. కన్నకొడుకును దొంగతనంగా ఎత్తుకోవలసిన గతి ఏ తల్లికీ రాకూడదు.

వారం నుంచీ రామక్క పిల్లాణ్ణి తల్లి రొమ్ము దగ్గరికి చేరనివ్వడం లేదు. తల్లికేమో పాలు గడ్డకట్టి సలుపుతున్నాయి. పిల్లాడేమో ఉగ్గుగిన్నెతో బర్రెపాలు తాగుతున్నాడు. ఇదేం న్యాయమని అడిగితే రామక్క అసలు సంగతి చెప్పదు.

పాలమ్మే లంబాడీ లాలి, గిన్నెలో సగం పోసిన పాలతో వాకిట్లో అలాగే నిలబడిపోయింది.

"తల్లి ఉండంగ నా బర్రెపాలెందుకు రామక్కా? నాకు బేరమైతది గని, మనసొప్పుతలేదు."

"నీ పని నువ్వు చూస్కో లాలీ."

"గా పిల్ల గుండె పలుగుతది."

"పాలు పోసి పో అన్న గదా!"

లాలి పాలు పోసి, చెంబు సర్దుకుని, మెట్లు దిగుతూ తన భాషలో ఏదో అంది. దీవెన మాత్రం కాదు.

గదిలోంచి పిల్లాడి ఏడుపు వినిపిస్తోంది. ఆ ఏడుపు మధ్యలో నాంచారమ్మ ఊపిరి వినిపిస్తోంది. పిల్లికూతలు కూస్తూ, లోపలికి పీల్చింది బయటికి పోనంటూ మొరాయిస్తున్న ఊపిరి. ఆ చప్పుడు వినే కొద్దీ రామక్క తలుపు మీద ఇంకా గట్టిగా బాదుతోంది.

అప్పుడే సారంగపాణి రాత్రి డ్యూటీ దిగి వచ్చాడు. అతను సారపాక కాగితం మిల్లులో, వెదురు దింపే యార్డులో కాంట్రాక్టు పనివాడు. తలనిండా వెదురు పొట్టు, చేతిలో ఖాళీ టిఫిను. ఇంట్లో జరుగుతున్నది చూసి టిఫిను ఎక్కడ పెట్టాలో కూడా తోచలేదు అతనికి.

"ఏమైందవ్వా?"

"నీ పెండ్లాం పిలగాన్ని పట్టుకోని గడియేసుకుంది. పాలిస్తదేమో! ఆపు రా, జల్దీ ఆపు!"

"కన్నతల్లి పాలిస్తే ఆపుడేంది?"

రామక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"చెప్పవ్వా. దానికి పెరుగు బందు పెట్టినవ్. పాలు బందు పెట్టినవ్. వరి అన్నం గూడ బందు పెట్టి జొన్నగటక పోస్తున్నవ్. బిడ్డను గూడ బందు పెడితివి. ఏందంటే చెప్పవాయె!"

"దాని రక్తంల తెల్లవి పెరిగినయ్. గందుకే తెల్లయి ఏవీ పడవు."

"పెరిగితే?"

"పెరిగితే అంతే!"

ఆ 'అంతే' దగ్గర వారం రోజులుగా సంభాషణ ఆగిపోతోంది. సారంగపాణి యార్డులో మేస్త్రితో, లారీ డ్రైవర్లతో గొంతు చించుకుని వాదించగలడు. తల్లి ముందు మాత్రం అతని నోరు పెగలదు. భార్య వైపు మాట్లాడితే తల్లి ఏడుస్తుంది, తల్లి వైపు మాట్లాడితే భార్య మాట్లాడదు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాడి తిప్పలు గోదావరి ఒడ్డున ఉన్నవాళ్ళకు వేరే చెప్పాలా?

లోపల్నుంచి నాంచారమ్మ గొంతు ముక్కలు ముక్కలుగా వచ్చింది.

"అడుగయ్యా... మీ అవ్వను అడుగు... నేను రోగిష్టిదాన్ని... నన్ను తోలేసి... ఇంకోదాన్ని తెద్దామనుకుంటుందో ఏమో..."

రామక్క చెయ్యి తలుపు మీదే ఆగిపోయింది. ఆ మాటకు ఆమె 'అవ్' అనలేదు, 'కాదు' అనలేదు.

తర్వాత కాసేపు పిల్లాడి ఏడుపు తప్ప ఏమీ వినిపించలేదు. సారంగపాణి తలుపు పగలగొడదామని వెనక్కి జరిగేసరికి గడియ తీసిన చప్పుడయింది.

నాంచారమ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది. పెదవులు నల్లబడ్డాయి. రవిక పాలతో తడిసి ముద్దయింది. పిల్లాడికి పాలిద్దామనే గడియ పెట్టుకుంది పాపం, కానీ వాణ్ణి రొమ్ముకు ఆనించుకునే దమ్ము కూడా ఆమెకు లేకపోయింది. మెడ దగ్గర నరాలు తాళ్ళలా లేచి ఉన్నాయి.

పిల్లాణ్ణి ఎవరికివ్వాలో ఆమె ఆలోచించలేదు. వాడు చేతుల్లోంచి జారిపోతాడన్న భయంతో ఎదురుగా ఉన్న అత్తకే అందించింది.

"పట్టుకో అత్తా," అని చతికిలబడింది.

* * *

మిల్లులో వెదురు దింపి వెళుతున్న ఖాళీ లారీ దొరకబట్టి సరిపోయింది. వంతెన దాటి భద్రాచలంలో డాక్టరు నిర్మలాదేవి ఇంటి ముందు దిగారు. దారి పొడుగునా నాంచారమ్మ ముందుకు వంగి, రెండు చేతులు మోకాళ్ళ మీద ఆనించి, ఒక్కొక్క ఊపిరినే పోరాడి తెచ్చుకుంది.

వారం కిందట రక్తం పరీక్ష రాసింది ఈ డాక్టరమ్మే. రాసిన సాయంత్రమే తండ్రికి బాగాలేదని సత్తుపల్లి వెళ్ళి, నిన్న రాత్రి తిరిగొచ్చింది. ఆవిడ ఊళ్ళో లేని ఆ వారమే ఈ ఇంటిని ఇంత తలకిందులు చేసింది.

"ఇంతదాకా ముదరబెట్టి తెచ్చారేమిటయ్యా?" అని కోప్పడుతూనే ఆవిడ నాంచారమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, నరానికి సూది ఎక్కించింది. హడావుడి పడకుండా మందు మెల్లమెల్లగా లోపలికి పంపింది.

రామక్క మనవడిని భుజాన వేసుకుని గోడకు ఆనుకుని నిలబడింది. ఆమె కళ్ళు కోడలి గొంతు గుంట మీదే ఉన్నాయి. ఊపిరి తీసినప్పుడల్లా ఆ గుంట లోపలికి పోతోంది. కొంతసేపటికి అంత లోతుగా పోవడం మానింది. భుజాలు కిందికి దిగాయి. పిల్లికూతలు పలచబడ్డాయి.

"మంచినీళ్ళు," అంది నాంచారమ్మ. వారం తర్వాత ఆమె నోట ఒక మాట ఎక్కడా తెగకుండా వచ్చింది.

సారంగపాణి గ్లాసు అందించబోయి సగం నీళ్ళు తన చొక్కా మీదే పోసుకున్నాడు. డాక్టరమ్మ నవ్వింది. నాంచారమ్మ కూడా నవ్వింది. రామక్క నవ్వలేదు.

"డాక్టరమ్మా, ఒక్క మాట. దాయకుంట చెప్పుండ్రి. నా కోడలు ఇంకెన్ని దినాలు బతుకుతది?"

సారంగపాణి చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది.

"ఏం మాటవ్వా అది!"

"నువ్వుండు రా. నీకు తెల్వదు. రక్తం చూసినాయన నాతోటి చెప్పిండు. 'అమ్మా, తెల్లకణాలు మస్తు పెరిగినయ్, డాక్టరమ్మ రాంగనే చూపియ్యి' అన్నడు. గదే మాట. ముప్పై ఏండ్ల కింద కొత్తగూడెం దవాఖానల నా కొమురమ్మకు గూడ గదే మాట చెప్పిండ్రు."

కొమురమ్మ రామక్క పెద్దబిడ్డ. సారంగపాణి పాకుతున్న రోజుల్లో పోయింది. అక్క జ్వరంతో పోయిందనే అతనికి తెలుసు. అంతకు మించి ఆ మాట ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ఎత్తలేదు.

"తొమ్మిదేండ్ల పిల్ల. 'రక్తంల తెల్లవి పెరిగినయ్' అన్నరు. తెల్లవే గదా, మంచిదే అనుకున్న నేను. పిస్సదాన్ని! నెల తిరుగకముందే మట్టిల పెట్టినం. మళ్ళ గదే మాట గీ పిల్ల మీద ఇన్నంక నేను నిద్రపోలే డాక్టరమ్మా."

"అందుకని పిల్లాడికి పాలు మాన్పించావా? పాల వల్ల రోగం అంటుతుందనా?"

"అంటుడు గాదు." రామక్క మనవడి వీపు నిమిరింది. "రొమ్ము మరిగిన పిలగాడు తల్లి పోయినంక ఎవ్వరి వశం గాడు. ఇప్పటిసంది మాన్పిస్తే... తల్లి లేకుంట బతుకుడు వానికి అలవాటైతదని."

నాంచారమ్మ అత్త వైపే చూస్తోంది. వారం రోజులుగా ఎంత తిట్టుకుంది ఈ మనిషిని! గయ్యాళి అనుకుంది, రాతిగుండె అనుకుంది. ఆ రాతిగుండె ఇంట్లో తిరుగుతూ, వంట చేస్తూ, జొన్నగటక కలుపుతూ, కోడలు బతికుండగానే ఆమె కోసం ఒంటరిగా ఏడ్చిందని ఎలా తెలుస్తుంది?

నిర్మలాదేవి సారంగపాణి జేబులోని రక్తపరీక్ష కాగితం తీసుకుని ఒకసారి చూసింది. చూసి, కుర్చీ లాక్కుని రామక్క ఎదురుగా కూర్చుంది.

"పెద్దమ్మా, ముందు ఇది విను. నీ కోడలు చావదు. నా మాట నమ్ము. నీ మనవడి పెళ్ళికి తలంబ్రాలు కలుపుతుంది."

"మరి తెల్లవి..."

"తెల్లకణాలు నీలోనూ ఉన్నాయి, నాలోనూ ఉన్నాయి. అవి లేకపోతే ముల్లు గుచ్చుకున్నా మనిషి బతకడు. ఒంటికి కాపలా అవి. వాటిలో చాలా రకాలున్నాయి. మీ కొమురమ్మకు పెరిగినవి వేరు. పని నేర్వకముందే పుట్టలుపుట్టలుగా పుట్టి, అసలు రక్తాన్నే మింగేసే పచ్చికణాలు. ఈ అమ్మాయికి పెరిగినవి ఈస్నోఫిల్స్. మాట ఒకటే పెద్దమ్మా, రోగం వేరు."

"ఈస్నోఫీలియానా?" సారంగపాణి ఒక్క అంగలో ముందుకొచ్చాడు. "గది మా మేస్త్రికి గూడ ఉన్నది గదా! పదేండ్లసంది ఉన్నది. రోజు కల్లు తాగుతడు, అందర్ని తిడ్తడు, ఏం గాలే!"

తుమ్మితే ఈస్నోఫీలియా, దగ్గితే ఈస్నోఫీలియా అంటున్న కాలమిది. ఆ పేరుతోనే చెప్పి ఉంటే రామక్క ఒక కషాయం కాచి ఊరుకునేది. రక్తం చూసినాయన తెలుగులో చెబితే ముసలమ్మకు అర్థమవుతుందనుకున్నాడు. అర్థమైంది, కాకపోతే ముప్పై ఏళ్ళ నాటి అర్థం.

"కాపలా అయితే దమ్మెందుకొస్తది డాక్టరమ్మా?" నాంచారమ్మ అడిగింది. తన ఒంటి సంగతి అందరూ మాట్లాడుకుంటున్నారు గానీ తనకు చెప్పేవాళ్ళు లేకపోయారు ఇన్నాళ్ళూ.

డాక్టరమ్మ సారంగపాణి వైపు తిరిగింది. "వెదురు లారీల దగ్గర పనిచేస్తావుగా. అడవిలో చెక్‌పోస్టు ఎందుకుంటుంది?"

"టేకు దొంగల్ని పట్టనీకి."

"కట్టెల మోపుతో పోయే ఒక ముసలమ్మను చూసి, అదిగో దొంగ అని కాపలావాళ్ళంతా పరుగెత్తుకొచ్చి, గేటు మూసి, రోడ్డుకు అడ్డంగా నిలబడి అరుచుకుంటున్నారనుకో. అప్పుడేమవుతుంది?"

"ఇంకేమైతది, లారీలన్ని ఆగిపోతయ్. మిల్లుకు సరుకు రాదు."

"ఉబ్బసం అదే. ఊపిరి గొట్టాల్లోకి ఏ బూజో దుమ్మో పోతుంది. అది దొంగ కాదు. కానీ ఈ అమ్మాయి ఒంటికి దొంగలా కనిపిస్తుంది. ఈ ఈస్నోఫిల్స్ గుంపుగా వచ్చి పడతాయి. దొంగల కోసం దాచుకున్న విషం అక్కడ కక్కుతాయి. దాంతో గొట్టం లోపలి గోడ వాస్తుంది, జిగురు ఊరుతుంది, దారి సన్నబడుతుంది. ఆ సన్న దారిలో గాలి పోతుంటే పిల్లికూతలు. కడుపులో పురుగులున్నా ఇవి పెరుగుతాయి, దానికీ ఒక గోళీ ఇస్తాను. ఇంతకీ మీ ఇంట్లో బూజు ఉందా?"

పోయినేడు గోదావరి పొంగినప్పుడు నీళ్ళు ఇంట్లో నడుము లోతు నిలిచాయి. ఆ మరక ఇప్పటికీ గోడ మీద ఉంది. దాని కింద సున్నం ఉబ్బి, ముట్టుకుంటే నల్లగా రాలుతుంది. పురిటి మంచం ఆ గోడ పక్కనే వేశారు.

"మంచం అక్కణ్ణించి తీసెయ్యండి. గోడ గీకించి సున్నం కొట్టించండి. పొగ కూడా పడదు. ఆల్రెడీ వాచిన గొట్టానికి పొగ తగిలితే గోరుచుట్టు మీద రోకటిపోటే. పురిటి పొగ వేస్తున్నారా?"

రామక్క తల దించుకుంది. పొద్దున ఒకసారి, మాపున ఒకసారి నిప్పుల మీద సాంబ్రాణి, వాము చల్లి, కోడలిని ఆ పొగలో కూర్చోబెట్టి మీద దుప్పటి కప్పేది ఆమే. దమ్ము ఎక్కువవుతోందని ఈ వారం ఇంకో రెండు పిడికిళ్ళు ఎక్కువ చల్లింది కూడా.

ఆమె నోరు తెరిచేలోగా నాంచారమ్మ అందుకుంది.

"నేనే ఏయమన్న డాక్టరమ్మా. చలికి మంచిగుంటదని."

"అబద్ధం," అంది రామక్క. "వద్దు వద్దంటుంటే నేనే కప్పిన. నా చేతులతోటి నేనే కప్పిన." ఇక ఆపుకోలేక మనవడి తలలో ముఖం దాచుకుని ఏడ్చింది.

"ఏడిస్తే ఎట్లా పెద్దమ్మా? కీడెంచి మేలెంచమన్నారు. కీడు నువ్వు బాగానే ఎంచావు, ఇప్పుడు మేలు కూడా ఎంచు. పీల్చే మందు ఒకటి రాస్తాను, ఖమ్మం నుంచి తెప్పించుకోండి. ఆ కాపలాగుంపును అది శాంతపరుస్తుంది. మళ్ళీ దమ్ము రాదని చెప్పను. వస్తే భయపడకుండా నా దగ్గరికి రండి. పాలన్నం పెట్టు, పెరుగన్నం పెట్టు. తెల్లవి తింటే తెల్లకణాలు పెరగవు. ఇక నువ్వు చెయ్యాల్సిన పని ఒకటుంది. ఆ పిల్లాణ్ణి వాళ్ళమ్మకివ్వు."

రామక్క కదలలేదు. ఇవ్వడం ఇష్టంలేక కాదు. వారంపాటు రాయిచేసుకున్న మనసుకు ఈ మాట ఇంకా నమ్మబుద్ధి కాలేదు.

"ఇటు తే అత్తా," అంది నాంచారమ్మ మెల్లగా.

రామక్క పిల్లాణ్ణి కోడలి ఒళ్ళో పడుకోబెట్టి, తన కొంగుతో చాటు చేసింది. వాడు ముఖం తిప్పుకున్నాడు. గిన్నెకు అలవాటుపడ్డ నోరు చప్పరించి, కాళ్ళు తన్ని, గుక్కపట్టి ఏడ్చాడు. నాంచారమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సారంగపాణి గోడకు అంటించిన పిల్లల బొమ్మను చూస్తూ నిలబడ్డాడు.

"తాగు రా నాయనా," అని బతిమాలింది రామక్క. "నాదే తప్పు. నామీది కోపం మీ అవ్వ మీద పెట్టకు."

ఆమె బతిమాలితే విన్నాడో, పాలు తామే కారి పెదవుల మీద పడితే గుర్తుపట్టాడో గానీ, పిల్లాడు ఏడుపు ఆపాడు. గుటక వేసిన చప్పుడు అందరికీ వినిపించింది. ఇంకో గుటక. ఆ తర్వాత వాడు ఎవరి మాటా పట్టించుకోలేదు.

నాంచారమ్మకు నొప్పితో ప్రాణం పోయినంత పనైంది. అయినా ఆమె నవ్వుతోంది. ఊపిరి నిండుగా లోపలికి వెళుతోంది, నిండుగా బయటికి వస్తోంది. ఇంత హాయిగా ఉండే పనిని మనిషి రోజంతా గమనించకుండా ఎలా చేస్తాడో అనుకుంది.

* * *

తిరుగు ప్రయాణంలో సారంగపాణి రిక్షా మాట్లాడాడు. దారిలో పొట్లం నిండా జిలేబీ కొన్నాడు. వంతెన మీద గాలి వీస్తుంటే కారణం లేకుండా రెండుసార్లు నవ్వాడు.

"అవ్వా, ఇగ జొన్నగటక బందు. ఇయ్యాల తెల్లన్నమే, తెల్లటి పెరుగే!"

"అవ్ రా," అంది రామక్క. అని, కాసేపాగి, "ములకలపల్లి బస్సు ఎప్పుడొస్తది?" అని అడిగింది.

"వచ్చే ఉంటది. ఎందుకు?"

రామక్క చేతిలో జిలేబీ కొరకకుండా అలాగే పట్టుకుంది. నాంచారమ్మ అత్త ముఖంలోకి చూసి, ఎందుకో మళ్ళీ చూసింది.

రిక్షా ఇంటి ముందు ఆగింది. అరుగు మీద ములకలపల్లిలో ఉండే రామక్క తమ్ముడు పోతయ్య కూర్చున్నాడు. తలపాగా విప్పి విసురుకుంటున్నాడు. పక్కన ఒక రేకుపెట్టె. పెట్టె వెనక పద్దెనిమిదేళ్ళ అతని కూతురు సమ్మక్క, కొత్త చీరలో, ముఖానికి రాసిన పసుపు చెమటకు కరుగుతుండగా, తల వంచుకుని నిలబడింది.

"వచ్చినవా అక్కా! నీ కబురందంగనే పిల్లను తీసుకోని బయలెల్లిన. పిలగాడేడి? పాపం తల్లి ఎట్ల..."

రిక్షాలోంచి నాంచారమ్మ తన కాళ్ళ మీద తాను దిగింది. పోతయ్య మాట అక్కడే ఆగిపోయింది. సమ్మక్క తలెత్తి చూసింది. ఆ పిల్ల ముఖంలో మొదట భయం, వెంటనే దాచుకోలేని సంతోషం.

"మంచిగున్నవా అక్కా?" అంది ఆ పిల్ల, దాదాపు ఏడుస్తూ.

సారంగపాణికి ఏమీ అర్థం కాలేదు. "ఏంది మామా, చెప్పకుంట వచ్చినవ్? మంచి యాళకే వచ్చినవ్. ముందుగాల నోరు తీపి చేస్కో!" అని పొట్లం విప్పి మేనమామ ముందు పెట్టాడు.

పోతయ్య జిలేబీ వైపు చూడలేదు. రామక్క రిక్షా దిగలేదు.

నాంచారమ్మ రేకుపెట్టెను చూసింది. కొత్త చీరను చూసింది. పసుపు ముఖాన్ని చూసింది. పొద్దున తలుపు లోపల్నుంచి తాను అన్న మాటకు అత్త ఎందుకు పలకలేదో ఆమెకు ఇప్పుడు తెలిసింది. భుజం మీద పిల్లాడు కడుపు నిండి నిద్రపోతున్నాడు. గుండెలోంచి ఏదో పైకి ఎగదన్నింది, కానీ ఊపిరి మాత్రం ఆగలేదు.

ఆమె వెళ్ళి సమ్మక్క చెయ్యి పట్టుకుంది.

"లోపలికి రా సమ్మక్కా. పొద్దుననంగ బయలెల్లినట్టున్నవ్, ముందుగాల అన్నం తిను. మీరెందుకొచ్చిండ్రో మీ బావకు మా అత్త చెప్తది."